పులి ఎందుకు ఓడిపోతుంది?

మన హాస్టల్ వరండాలో సుద్దముక్కతో గీసిన పులి-మేక పటం మీరందరూ చూసే ఉంటారు. ఆ ఆటలో పులులు మూడే, మేకలు పదిహేను. ఒకే ఆటలో రెండు పక్షాలకి రెండు రకాల బలం ఎందుకు పెట్టారు? అది ఈ వ్యాసంలో చెప్తాను.

ముందు నియమాలు. ఊరూరికీ కొంచెం తేడా ఉంటుంది. మన పటంలో గీతలు కలిసే చోట్లు 23. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతగింజలు పెట్టుకుంటాం. మేకల వాళ్ళు ఒక్కొక్క గింజ దించుతారు. పదిహేనూ దించేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదులుతుంది. పులి పక్కన మేక ఉండి, అదే గీత మీద అవతలి చోటు ఖాళీగా ఉంటే, పులి దూకి ఆ మేకని తినేస్తుంది. మేక దూకలేదు, తినలేదు. ఒక్క అడుగు జరుగుతుంది, అంతే. మూడు పులులకీ కదిలే దారి లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

చూస్తే పులిదే బలం అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. చిన్న తరగతి పిల్లలతో ఆడినప్పుడల్లా పులులు నావేనని ముందే లాక్కునేదాన్ని. దసరా సెలవుల ముందు ఆరో తరగతి చెల్లి ఒకామె నా మూడు పులుల్నీ కట్టేసింది. నేను తిన్నవి రెండు మేకలే! ఆ రాత్రి పడుకున్నాక కూడా ఎలా ఓడిపోయానా అనే ఆలోచన.

ఆమె మొదటి గింజలు మూలల్లో దించింది. మూలకి అవతల చోటు లేదు కదా, పులి దూకితే ఎక్కడ దిగుతాది? తర్వాత గింజ వెనక గింజ పెట్టుకొచ్చింది. ఒకే గీతలో రెండు మేకలు ఆనుకుని ఉంటే పులి దూకలేదు. వెనకున్న మేకే ముందున్న మేకని కాస్తుంది. పులికి ఆ వసతి లేదు. పక్కన ఇంకో పులి ఉంటే దారికి అడ్డమే.

పాత కంప్యూటర్ ఆటల్లోనూ ఇదే లెక్క అని మా కంప్యూటర్ సార్ చెప్పారు. 1981లో అమెరికాలో విజార్డ్రీ అనే ఆట వచ్చింది. పది అంతస్తుల నేలమాళిగలోకి ఆరుగురు దిగుతారు. ముందు వరస ముగ్గురే కత్తితో కొట్టగలరు. వెనకున్న మంత్రగాడికి ఒంట్లో బలం తక్కువ, కాని ఒక్క మంత్రంతో గుంపునంతా పడగొట్టగలడు. మంత్రాలు లెక్కగానే ఉంటాయి. అయిపోతే సత్రానికి వచ్చి పడుకోవాలి. గాయాలు మాన్పేది పూజారి. పెట్టెలో ఉచ్చు ఉందేమో చూసేది దొంగ. ఆరుగురూ కత్తివీరులే అయితే గాయం ఎవరు మాన్పుతారు?

మా అమ్మమ్మకి అక్షరాలు రావు. కాని మేకల పక్షం ఆడితే ఆమెని గెలవడం కష్టం. "తొందరపడి దించకే గుంటా, పులి ఎటు దూకుతాదో చూసి దించు" అంటాది. నేను పులి పక్షమే ఆడి ఆ విద్య నేర్చుకోలేదు.

అందుకని అక్కలకీ చెల్లెళ్ళకీ ఒక మాట. ఒక ఆట పులులు ఆడితే, మరుసటి ఆట మేకలు ఆడాలి. వార్డెన్ మేడంగారికి ఒక మనవి. వరండా కడిగినప్పుడల్లా పటం చెరిగిపోతోంది. దయచేసి ఒక మూల రంగుతో గీయించండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని