పూడికతీత

వరంగల్ భద్రకాళి చెరువు పుణ్యమా అని ఈ మాట మళ్లీ వార్తల్లోకెక్కింది. గుర్రపుడెక్క, మురుగు, పూడిక పేరుకుపోవడంతో 2024 నవంబరులో చెరువును ఖాళీ చేసి, తర్వాత మట్టి తవ్వకానికి దిగారు.

వానలకు పైనుంచి కొట్టుకొచ్చే ఒండ్రు చెరువు అడుగున చేరుతుంది. లోతు తగ్గి, నాలుగు వానలకే అలుగు దుంకుతుంది. పాకాల, రామప్ప చెరువులున్న గడ్డకు పూడికతీత కొత్త కాదు. ఎండాకాలం నీళ్లు అడుగంటగానే రైతులు బండ్లు కట్టి మట్టి తోలుకునేవారు. ఎర్ర చెలకలో చల్లితే అది పదును నిలుపుతుంది, ఎరువు ఖర్చు తగ్గిస్తుంది. 2015 మార్చిలో తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ ఈ అలవాటునే తనలో చేర్చుకుంది. అందులో తవ్వి ట్రాక్టర్‌కు ఎత్తే ఖర్చు సర్కారు పెట్టుకుంటే, పొలానికి తోలుకునే ఖర్చు రైతు పెట్టుకున్నాడు. ఆ పథకంలో అన్నిటికన్నా మెచ్చదగ్గది ఇదే. సొంత డబ్బు పెట్టినవాడు చెరువును తేలిగ్గా వదిలెయ్యడు మరి.

పట్నం చెరువు సంగతి వేరు. అందులో మురుగు, ప్లాస్టిక్ కలిసుంటాయి. పరీక్ష చేయించకుండా ఆ మట్టిని పొలంలో పొయ్యకూడదు. చెరువులోకి దిగే మురుగుకాలువ సంగతి కూడా చూడాలి. దాన్ని మళ్లించకుండా ఎంత తవ్వినా దండగే.