ప్రోగ్రెసివ్ మెటల్ ఆల్బమ్ - శ్రోత రసాస్వాదన: పాతబస్తీ సమా సంప్రదాయం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రోగ్రెసివ్ మెటల్ సంగీతాన్ని 'గోల' అన్న ఒక్క మాటతో తోసిపుచ్చడం మన విమర్శలో పరిపాటి. ఆ తీర్పు సంగీతాన్ని గురించి చెప్పేదానికన్నా వినే పద్ధతిని గురించి ఎక్కువ చెబుతుంది. సంక్లిష్టమైన రచనను ఆస్వాదించడానికి శ్రోత ఏ శ్రమ చేయాలి, ఆ శ్రమ ఎలా ఆనందంగా మారుతుంది అన్నది ఈ వ్యాసం చర్చిస్తుంది. అందుకు హైదరాబాద్ పాతబస్తీ సూఫీ సంప్రదాయంలోని 'సమా'ను కొలమానంగా తీసుకుంటుంది. డ్రీమ్ థియేటర్ బృందం 1999లో వెలువరించిన 'మెట్రోపోలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ' ఆల్బమ్ ఇందులో ప్రధాన ఉదాహరణ.

కీలక పదాలు: సమా, ఖవ్వాలీ, ప్రోగ్రెసివ్ మెటల్, సహృదయుడు, లయ, పునఃశ్రవణం, రసాస్వాదన.

1. ఉపోద్ఘాతం:
పసిపిల్లలు, పశువులు, పాములు సైతం గానరసాన్ని గ్రహిస్తాయని మన పెద్దల మాట. సంగీతానందానికి చదువు అక్కరలేదని దాని సారం. అయితే మన అలంకారశాస్త్రం మరొక మాట కూడా చెప్పింది. కావ్యాలను పదే పదే అనుశీలించడం వల్ల నిర్మలమైన మనసు గలవాడే సహృదయుడని అభినవగుప్తుడు నిర్వచించాడు. మొదటి మాట ప్రకారం రసం దానంతట అదే అందుతుంది. రెండవ మాట ప్రకారం అభ్యాసంతో అందుతుంది. లాలిపాట విషయంలో ఈ రెండింటికీ పేచీ రాదు. డెబ్బై ఏడు నిమిషాల పాటు సాగుతూ, తాళం మార్చుకుంటూ పోయే రచన ఎదురైనప్పుడు మాత్రం ఏదో ఒక పక్షం వహించక తప్పదు.

సూఫీ గోష్ఠికీ మెటల్ సంగీతానికీ చారిత్రక సంబంధం ఉందని ఈ వ్యాసం వాదించదు. ఒకటి భక్తిసాధన, మరొకటి లౌకిక కళ. ఇక్కడ పోల్చేది వినే తీరును మాత్రమే.

2. సమా - వినడమే పేరైన సంప్రదాయం:
'సమా' అనే అరబ్బీ పదానికి 'వినడం' అని అర్థం. ఖవ్వాలీ గోష్ఠిని 'మెహఫిల్-ఎ-సమా' అంటారు. అంటే ఆ సభకు పేరు పెట్టింది గాయకుడి పక్షం నుంచి కాదు, శ్రోత పక్షం నుంచి. సంగీత చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

1591లో చార్మినార్ కేంద్రంగా వెలసిన హైదరాబాద్‌లో దర్గాల ఉర్సు దినాలు ఈ సంప్రదాయానికి ఆశ్రయమయ్యాయి. ఢిల్లీ మొఘల్ దర్బారు గాయకుడైన తాన్‌రస్ ఖాన్ 1857 అనంతర కాలంలో హైదరాబాద్ చేరాడు. ఆ ఖవ్వాల్ బచ్చా పరంపరలోని అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లో పద్మశ్రీ పొందాడు. ఆయన మనుమలు వార్సీ సోదరులుగా ఈ గానాన్ని కొనసాగించారు.

సమాకు కాలం, స్థలం, సహచరులు అనే మూడూ కుదరాలని తొమ్మిదవ శతాబ్దపు సూఫీ గురువు జునైద్ చెప్పినట్లు ప్రసిద్ధి. అల్ గజాలీ (మరణం 1111) తన 'ఇహ్యా' గ్రంథంలో శ్రవణాన్ని మూడు దశలుగా విడదీశాడు. మొదటిది 'ఫహ్మ్', అనగా అవగాహన. అది ఫలిస్తే 'వజ్ద్', అనగా తన్మయత్వం. ఆ తన్మయత్వం ఫలిస్తే దేహచలనం. ఈ వరుసలో అవగాహన ముందు ఉండటం గమనార్హం. తలకెక్కని పాటకు తల ఊపడాన్ని ఈ సంప్రదాయం గొప్పగా భావించదు.

సభలో శ్రోత కేవలం స్వీకర్త కాడు. ఏ చరణం వద్ద ఎవరు చలించారో ప్రధాన గాయకుడు కనిపెడుతూనే ఉంటాడు. చలించిన చోట ఆ పంక్తినే మళ్లీ మళ్లీ పాడతాడు. దీనికి 'తక్రార్' అని పేరు. శ్రోతలు సమర్పించే నజరానా గాయకుడికి ఒక సంకేతంగా కూడా పనిచేస్తుంది. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గా ఖవ్వాలీని పరిశీలించి రెగులా కురేషీ 1986లో ప్రచురించిన గ్రంథం గాయక శ్రోతల మధ్య సాగే ఈ ఇచ్చిపుచ్చుకోలును విశదంగా వివరించింది. పాట నిడివిని శ్రోత నిర్ణయిస్తాడన్నది ఇందులోని సారాంశం.

3. ఆల్బమ్ - మార్పులేని రచన:
1970ల ప్రోగ్రెసివ్ రాక్‌లోని దీర్ఘ నిర్మాణాన్నీ హెవీ మెటల్ నాదాన్నీ కలిపి 1980లలో రూపుదిద్దుకున్నది ప్రోగ్రెసివ్ మెటల్. 1985లో బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో చదువుతున్న ముగ్గురు విద్యార్థులు ప్రారంభించిన బృందమే తరువాత డ్రీమ్ థియేటర్ అయింది.

'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'లో రెండు అంకాలు, తొమ్మిది రంగాలు, 12 ఖండికలు ఉన్నాయి. నికొలస్ అనే వ్యక్తి సమ్మోహన చికిత్స ద్వారా తన పూర్వజన్మను తెలుసుకుంటాడు. ఆ జన్మలో అతడు 1928లో హత్యకు గురైన విక్టోరియా అనే స్త్రీ. 'మూగమనసులు' (1964), 'మగధీర' (2009) చూసిన తెలుగు ప్రేక్షకులకు ఈ ఇతివృత్తం కొత్త కాదు. సినిమాలో పూర్వజన్మ దృశ్యంగా కనిపిస్తుంది. ఇక్కడ అది స్వరంగా వినిపిస్తుంది. మొదట విన్న స్వరగుచ్ఛం చాలాసేపటి తరువాత మారువేషంలో తిరిగి వస్తుంది. ఆ స్వరాన్ని గుర్తుపట్టిన శ్రోత కథానాయకుడిలాగే 'ఇది ఎప్పుడో ఎరిగినదే' అనుకుంటాడు. కథలోని జ్ఞాపకం, శ్రోత జ్ఞాపకం ఒకే పని చేస్తాయి. ఈ ఆల్బమ్ విశిష్టత ఇదే.

4. మొదటి అడ్డంకి - నాదం:
కొత్త శ్రోతను మొదట అడ్డగించేది గిటారు బొంగురుదనం. యాంప్లిఫయర్ భరించగలిగిన దానికంటే బలమైన సంకేతాన్ని పంపితే తరంగపు శిఖరాలు తెగిపోతాయి. ఫలితంగా మూలస్వరంలో లేని అనుస్వరాలు పుడతాయి, నాదం దట్టమవుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ దట్టమైన నాదంలో గాంధారం చేరితే స్వరాలు ఒకదానితో ఒకటి రాపిడి చెందుతాయి. అందుకే మెటల్ గిటారు తరచుగా షడ్జమ పంచమాల జంటనే ఆశ్రయిస్తుంది.

అనుస్వరాలను పెంచి నాదాన్ని నిండుగా చేయడం మనకు అపరిచితం కాదు. తంబురా తీగ కింద సన్నని దారం ఉంచి 'జీవం' పట్టించడం కూడా అటువంటి ప్రయత్నమే. సాధనాలు వేరు, తీవ్రత వేరు. అయినా శుద్ధస్వరం కంటే నిండునాదాన్ని కోరుకోవడం అన్న అభిరుచి ఒకటే. ఆ నాదానికి చెవి అలవాటు పడేవరకు మిగిలిన నిర్మాణమంతా దాని వెనుక దాగి ఉంటుంది.

5. రెండవ అడ్డంకి - లయ:
పాశ్చాత్య జనప్రియ సంగీతంలో నాలుగు మాత్రల కొలతే ఎక్కువ. ప్రోగ్రెసివ్ మెటల్ అయిదు, ఏడు, తొమ్మిది మాత్రలకు తరచుగా వెళుతుంది. ఈ విషయంలో తెలుగు శ్రోత కొంత ముందే ఉన్నాడు. ఖండచాపు అయిదు, మిశ్రచాపు ఏడు. గురజాడ 'ముత్యాల సరం' నడక మూడు, నాలుగు మాత్రల కలయిక. వృషభగతి రగడదీ అదే నడక. ఏడు మాత్రల నడకను బడిలోనే వల్లించిన చెవి మనది.

చిక్కు మరొక చోట ఉంది. కృతిలో సాధారణంగా ఎత్తుకున్న తాళమే చివరిదాకా సాగుతుంది. శ్రోత తొడపై తాళం వేస్తూ దాన్ని ఆధారం చేసుకుంటాడు. ఈ ఆల్బమ్‌లోని 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అనే వాద్యఖండికలో, ఆరు నిమిషాల పైచిలుకు వ్యవధిలో, కొలత వందకు పైగా మారుతుంది. అక్కడ తాళం వేయబోయిన చేయి ఆగిపోతుంది. అప్పుడు శ్రోత అంకెలను వదిలి పదబంధాన్ని పట్టుకోవాలి. ఛందస్సు తెలిసిన పాఠకుడు గణాలు లెక్కించకుండానే పద్యాన్ని నడకతో చదివినట్లు వినాలి.

స్వీడన్‌కు చెందిన మెషుగ్గా బృందానిది వేరొక మార్గం. తాళపు చిప్ప నాలుగు మాత్రలను నిలకడగా కొడుతుంటే, గిటారు విషమ సంఖ్యలో ఉన్న పదబంధాన్ని దానిపై తిప్పుతూ పోతుంది. రెండూ విడిపోయి, చాలాసేపటికి మళ్లీ ఒకచోట కలుస్తాయి. మృదంగ తీర్మానం ఆవర్తనపు మొదటి దెబ్బకు చేరినప్పుడు సభలో కలిగే ఉపశమనం వంటిదే ఇక్కడా కలుగుతుంది.

ఈ ఆనందానికి మూలం ఎదురుచూపు. సంగీత భావోద్వేగం శ్రోత అంచనాలతో ముడిపడి ఉందని లియొనార్డ్ మేయర్ 1956లో ప్రతిపాదించాడు. ముషాయిరా శ్రోతలకు ఇది అనుభవంలో ఉన్నదే. కవి రెండవ పాదం ముగించకముందే ఖాఫియాను ఊహించిన సభ, రదీఫ్‌ను కవితో పాటు పలుకుతుంది. ఊహ నిజమైతే 'వాహ్' అంటుంది. ఊహకు అందని ప్రాస వస్తే 'ముకర్రర్' అని మళ్లీ చదవమంటుంది. ఎదురుచూడటం తెలియని శ్రోతకు ఆశ్చర్యం కూడా దక్కదు. అతడికి ప్రతి మలుపూ గోలగానే వినిపిస్తుంది.

6. తక్రార్ - పునఃశ్రవణం:
సమాలో శ్రోత చలిస్తే పాట ఆగి, అక్కడే తిరుగుతుంది. ఆల్బమ్ అలా ఆగదు. ఎవరు విన్నా, ఎన్నిసార్లు విన్నా అదే నిడివి, అదే క్రమం. కనుక గాయకుడు చేసే తక్రార్‌ను ఇక్కడ శ్రోతే చేసుకోవాలి. పునఃశ్రవణం శ్రోత చేసే తక్రార్ అని ఈ వ్యాసం ప్రతిపాదన.

'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ' ఈ పనిని కోరుతూనే నిర్మితమైంది. 'ఓవర్చర్ 1928' అనే వాద్యఖండిక తరువాత రాబోయే స్వరాంశాలను ముందే పరిచయం చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు అవి కేవలం స్వరాలు. కథ తెలిశాక విన్నప్పుడు అవే పాత్రల జాడలు. వాటిలో కొన్ని 1992 నాటి 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఆల్బమ్‌లోని 'మెట్రోపోలిస్' మొదటి భాగం నుంచి వచ్చినవి. హంతకుడు ఎవరన్నది చివరి రంగంలో గాని తేలదు. తేలిన తరువాత మొత్తం ఆల్బమ్‌ను వెనక్కి వెళ్లి వినవలసి వస్తుంది.

ఆచరణలో మూడు శ్రవణాలు ఉపకరిస్తాయి. మొదటిసారి ఏదీ లెక్కించకుండా చివరిదాకా వినాలి. రెండవసారి ఒక ఖండికను మాత్రమే తీసుకుని చేతితో నడక పట్టుకోవాలి. మూడవసారి ఒక స్వరాంశం ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో గుర్తించాలి. గజాలీ చెప్పిన 'ఫహ్మ్' ఇలా సిద్ధిస్తుంది. కచేరీలో తల విదిలించే శ్రోతలందరూ తన్మయులు కారు, అందరూ నటిస్తున్నవారూ కారు. అవగాహన నుంచి పుట్టిన చలనానికీ అనుకరణ నుంచి పుట్టిన చలనానికీ ఉన్న తేడాను సమా సంప్రదాయం వందల ఏళ్ల క్రితమే చర్చించింది.

7. సహచరులు - ఆల్బమ్‌కు లోపించినది:
జునైద్ చెప్పిన మూడింటిలో కాలాన్నీ స్థలాన్నీ ఆల్బమ్ శ్రోత స్వయంగా ఎంచుకోగలడు. మూడవది అతడికి సులభంగా దొరకదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వినేవాడి చలనాన్ని చూసేవారు లేరు, ఆ క్షణంలో 'ముకర్రర్' అని తోడు పలికేవారూ లేరు. తాను సరిగా విన్నాడో లేదో చెప్పే సభ అతడికి కరువు. డ్రీమ్ థియేటర్ 2000 ఆగస్టు 30న న్యూయార్క్ రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో ఈ ఆల్బమ్‌ను ఆసాంతం ప్రదర్శించింది. ఏడాదిగా విడివిడిగా విన్నవారు ఆ రోజు ఒక సభ అయ్యారు. హైదరాబాద్‌లోనూ మెటల్ సృజన ఉంది. డెత్ మెటల్ శాఖకు చెందిన గాడ్‌లెస్ బృందం 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్‌ను వెలువరించింది. సృజన ఉన్నచోట దానిని చర్చించే గోష్ఠి కూడా ఉండాలి. తెలుగు విమర్శ ఆ గోష్ఠికి ఇంకా చాప పరచలేదు.

8. ముగింపు:
1. సంక్లిష్ట సంగీతం విషయంలో అభినవగుప్తుని మాటే నిలుస్తుంది. రసాస్వాదన అభ్యాసఫలం.
2. నాదానికి అలవాటు పడటం, నడకను పట్టుకోవడం, స్వరాంశాన్ని గుర్తుంచుకోవడం అనే మూడూ ప్రోగ్రెసివ్ మెటల్ శ్రోత చేయవలసిన పనులు. తంబురా, ముత్యాల సరం, ముషాయిరా ఎరిగిన శ్రోతకు ఇవి దూరపు విద్యలు కావు.
3. సమాలో శ్రోత రచనను మారుస్తాడు. ఆల్బమ్ విషయంలో పునఃశ్రవణం శ్రోతనే మారుస్తుంది.
4. ఆల్బమ్ శ్రవణానికి లోపించినది సభ. తరగతి గది ఆ సభ కాగలదు. విద్యార్థి వింటున్న సంగీతాన్ని 'గోల' అని కొట్టివేసే ముందు, అతడు ఎన్ని మాత్రలు వింటున్నాడో అడిగి, ఆ ఖండికను అతడితో కలిసి వినడం అధ్యాపకులు చేయదగిన పని.