గూగుల్‌ని అడిగే ఫిట్టర్, జవాబు చెప్పాల్సిన లాయర్

సౌదీ అరేబియాలోని రాస్ తనూరా నుంచి తొలి ఆయిల్ ట్యాంకరు 1939 మే 1న, రాజు అబ్దుల్ అజీజ్ సమక్షంలో బయలుదేరింది. ఆరామ్‌కో రిఫైనరీ ఉన్న ఆ ఊళ్లో షట్‌డౌన్ పనులకు ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, రిగ్గర్లుగా వెళ్లేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. చాలామందికి జీతమిచ్చేది మనుషుల్ని సరఫరా చేసే ఏదో ఒక సప్లై కంపెనీ. ఆ కంపెనీ మూడు నెలలు జీతం ఆపిందనుకోండి. డ్యూటీ దిగి గదికొచ్చిన మనిషి ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి, "సౌదీల కంపెనీ జీతం ఇయ్యకపోతే ఏం చెయ్యాలె" అని అడుగుతాడు.

లా ఫర్ములు డిజిటల్ మార్కెటింగ్ గురించి ఆలోచించేటప్పుడు ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

గూగుల్ పద్ధతులు వేగంగా మారుతున్నాయి. మనుషులకు పనికొచ్చే రాతను పైకి తెస్తామంటూ 2022 ఆగస్టులో ఒక మార్పు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, రాసినవారి స్వానుభవాన్ని కూడా నాణ్యత కొలతల్లో చేర్చింది. మనిషి డబ్బు మీద, బతుకు మీద ప్రభావం చూపే విషయాల్లో ఈ కొలతలు మరీ కఠినం. చట్టం ఆ కోవలోకే వస్తుంది. 2024 మేలో అమెరికాలో మొదలై, వెతుకులాట ఫలితాల పైనే ఏఐ రాసిన సారాంశం కనిపించసాగింది. చదివేవాడికి జవాబు అక్కడే దొరికిపోతే ఫర్ము వెబ్‌సైటు దాకా రాడు. ఆ ఏఐ మాత్రం ఎవరో రాసిన పేజీల్లోంచే జవాబు అల్లాలి. తెలుగులో సౌదీ కార్మిక చట్టం గురించి సరైన పేజీ లేకపోతే అది దేన్ని చూసి చెప్తుంది?

పాత పేజీతో జరిగే నష్టం ఇంకా పెద్దది. 2018 చివర్లో సౌదీలో కార్మిక వివాదాలు పాత కమిషన్ల చేతి నుంచి న్యాయశాఖ కింద లేబర్ కోర్టులకు వెళ్లాయి. ముందు కార్మిక శాఖలో రాజీ ప్రయత్నం జరుగుతుంది, కుదరకపోతే కేసు కోర్టుకెళ్తుంది. 2021 మార్చిలో కంపెనీ మారడం, ఎగ్జిట్ రీ-ఎంట్రీ నిబంధనలు సడలాయి. 2025 ఫిబ్రవరిలో కార్మిక చట్టానికి మరిన్ని సవరణలు అమల్లోకొచ్చాయి. ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోపు దావా వేయకపోతే, సరైన కారణం చూపితే తప్ప, కోర్టు సాధారణంగా తీసుకోదు. 2016 నాటి పేజీ నమ్మి తప్పు ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి ఆ గడువు కాస్తా కరిగిపోతుంది. అందుకే పేజీ పైన "చివరిగా సరిచూసిన తేదీ" వేయడం నా లెక్కలో ఏ ప్రకటన కన్నా గొప్ప మార్కెటింగ్.

మంచి పేజీలో ఏముండాలో ఒక లెక్కతో చూపిస్తాను. సర్వీసు ముగిశాక వచ్చే డబ్బును మొదటి అయిదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున కడతారు. 1,500 రియాళ్ల జీతంతో ఏడేళ్లు చేసినవాడికి మొదటి అయిదేళ్లకు 3,750, మిగతా రెండేళ్లకు 3,000, మొత్తం 6,750 రియాళ్లు. తానే రాజీనామా చేస్తే అయిదు నుంచి పదేళ్ల లోపు సర్వీసుకు మూడింట రెండొంతులే, అంటే 4,500. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమని ఫోర్‌మన్ తొందరపెడుతున్నప్పుడు ఆ 2,250 రియాళ్ల తేడా తెలిసి ఉండటం ఆ మనిషికి ఎంత అవసరమో!

ఇక హైదరాబాదు, విజయవాడ లాయర్ల సంగతి. బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకారం న్యాయవాది ప్రకటనలిచ్చి కేసులు రాబట్టుకోకూడదు. 2008లో వచ్చిన సడలింపుతో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, అర్హతలు, ఏ రకం కేసులు చూస్తారన్నది వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ సైట్ల ద్వారా లాయర్లు కేసులు రాబట్టుకోవడాన్ని మద్రాసు హైకోర్టు 2024 జులైలో గట్టిగా తప్పుపట్టింది. అమెరికాలో 1977లో బేట్స్ కేసు తీర్పుతో న్యాయవాదుల ప్రకటనలకు దారి తెరుచుకుంది కనుక, అక్కడి మార్కెటింగ్ పాఠాలను ఇక్కడ ఉన్నదున్నట్టు దించుకుంటే లైసెన్సుకే ముప్పు.

సౌదీలోనూ సోషల్ మీడియాలో ప్రకటనలు చేసే వ్యక్తులకు 2022 అక్టోబరు నుంచి 'మౌసూక్' లైసెన్సు తప్పనిసరి. క్యాంపులో వీడియోలు తీసే కుర్రాడికి డబ్బులిచ్చి "ఈ వకీలు దగ్గరికి పోండి" అని చెప్పించడం ఆ కుర్రాడినే చిక్కుల్లో పడేస్తుంది.

అక్కడి కోర్టులో లాయరుగా వాదించాలంటే అక్కడి లైసెన్సు ఉండాలి. ఆ మాట మన ఫర్ము తన పేజీలో మొదటి పేరాలోనే చెప్పాలి. ఫీజు అక్కర్లేని దారులు కూడా అక్కడే రాయాలి: రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం, భారత విదేశాంగ శాఖ 2015 నుంచి నడుపుతున్న మదద్ పోర్టల్, సౌదీ న్యాయశాఖ వారి నాజిజ్ పోర్టల్. ఇవన్నీ రాసేస్తే క్లయింట్లు రారని భయపడే సీనియర్లు ఉన్నారు. సొంతంగా చేసుకోగలిగినవాడు చేసుకుంటాడు. అప్పటికే ఇంటికొచ్చేసి, దమ్మాంలో కేసు నడపడానికి పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోవాల్సినవాడు మాత్రం, ఆ పేజీ రాసిన లాయరునే వెతుక్కుంటూ వస్తాడు.