బార్సూరు శాసనంలో ఒక అంకె

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో వ్యాపారస్థులు కొందరు తీరిక వేళల్లో తమ ఊరి రోమన్ శిథిలాలను త్రవ్వించి, దొరికిన నాణేలనూ కుండపెంకులనూ భద్రపరచేవారు. అది వారి వృత్తి కాదు, వ్యసనం. మన బస్తరుకు అటువంటి వ్యసనపరుడు వ్యాపారి రూపంలో గాక ప్రభుత్వోద్యోగి రూపంలో లభించాడు. ఆయన రాయ్ బహదూర్ హీరాలాల్ (1867–1934).

మధ్యపరగణాలలో డిప్యూటీ కమిషనరు స్థాయికి ఎదిగిన హీరాలాల్, కచేరీ పనుల నడుమనే శాసనాలను సేకరించి పరిశీలించాడు. బస్తరు శాసనాలపై ఆయన వ్యాసం ‘ఎపిగ్రాఫియా ఇండికా’ తొమ్మిదవ సంపుటంలో వెలువడింది. ఆ ప్రాంతపు శాసనాలన్నిటి వివరణ పట్టికను 1916లో ప్రకటించాడు.

వీటిలో తెలుగువారమైన మనకు ఆసక్తి కలిగించేది బార్సూరు శాసనం. దాని భాష తెలుగు! నాగవంశపు రాజు సోమేశ్వరదేవుని రాణి గంగమహాదేవి రెండు శివాలయాలు కట్టించి, భర్త పేర ఒకదానికీ తన పేర మరొకదానికీ నామకరణం చేసి, ఒక గ్రామాన్ని దానమిచ్చినట్లు అది చెబుతుంది. దంతెవాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బార్సూరులో, ముప్పదిరెండు స్తంభాల బత్తీసా మందిరానికి నేటికీ రెండు గర్భాలయాలున్నాయి. అక్కడి పానవట్టం చేతితో త్రిప్పితే తిరుగుతుంది. బేరింగులతో కాలం గడిపే మనవంటివారు కాసేపు నిలిచి చూడదగిన పనితనం!

చిక్కంతా తేదీతోనే. శక సంవత్సరం 1130 అన్నవారున్నారు, 1030 అన్నవారూ ఉన్నారు. అంకె ఒక్కటే, తేడా మాత్రం నూరేళ్ళు. మొదటిది నిజమైతే రెండవ సోమేశ్వరుడొకడు ఉండి తీరాలి.

ఇక్కడ సాక్ష్యమిచ్చేది నారాయణపాల్ శాసనం. శక 1033 (క్రీ.శ. 1111) నాటి ఆ శాసనాన్ని వేయించినది సోమేశ్వరుని తల్లి గుండమహాదేవి. అప్పటికి సింహాసనంపై ఉన్నవాడు ఆమె మనుమడు కన్హరదేవుడు. అంటే ఆ వృద్ధురాలు కుమారుని పాలన ముగియడం కన్నులారా చూసింది. కోడలి దానం అంతకు రెండు మూడేళ్ళ ముందుదైతే లెక్క సరిపోతుంది. పండితుల వాదం ఎలా ఉన్నా, కొత్త రాజును కల్పించనక్కరలేని ఈ లెక్కవైపే నా మనసు మొగ్గుతుంది.

చిత్రకూట జలపాతానికి విహారయాత్ర వెళ్ళే కుటుంబాలు, మరికొంత సమయం కేటాయించుకొంటే, నారాయణపాల్ విష్ణ్వాలయాన్నీ చూసి రావచ్చు. ఆ అవ్వ దానమిచ్చినది ఆ దేవునికే.