రిపోర్టులో కనిపించని నొప్పి

స్కానింగ్ రిపోర్టు నార్మల్ అని రాగానే చాలా ఇళ్ళల్లో పిల్లాడి మీద కోపం మొదలవుతుంది. నెల రోజులుగా కడుపునొప్పి అంటున్నాడు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించారు, తీరా ఏమీ లేదన్నారు. ‘బడి ఎగ్గొట్టడానికి నాటకాలు’ అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు.

నొప్పి మాత్రం నాటకం కాదు. భయమేసినప్పుడు మెదడు ఒంటిని ఎదిరించడానికో పారిపోవడానికో సిద్ధం చేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె దడదడలాడుతుంది, నెత్తురు కండరాల వైపు మళ్ళుతుంది, అరుగుదల వెనకబడుతుంది. పేగులకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు ఎక్కువ కాబట్టి కలవరం కడుపులోనే తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ వాడికి ‘ఆందోళనగా ఉంది’ అనడం రాదు, ‘కడుపులో నొప్పి’ అనడం వచ్చు. అందుకే నొప్పి ఎక్కడ అన్నదానితో పాటు ఎప్పుడు అన్నదీ గమనించాలి. బడి ఉన్న రోజు పొద్దున్నే వచ్చి, బస్సు వెళ్ళిపోగానే తగ్గి, దసరా సెలవుల్లో జాడ లేకుండా పోతే, ఆ నొప్పికి మూలం బహుశా భయమే.

కుంగుబాటు ఇంకా తేలిగ్గా మన కళ్ళు తప్పించుకుంటుంది. పిల్లలకు డిప్రెషన్ రాదనే వైద్యులు సైతం చాలాకాలం నమ్మారు. అంతరాత్మ ఇంకా గట్టిపడని వయసులో తనను తాను నిందించుకోవడం ఎలా కుదురుతుందన్నది ఫ్రాయిడ్ బాట పట్టినవారి వాదన. తల్లికి దూరమైన చంటిపిల్లలు మొదట ఏడ్చి, తర్వాత మొహం తిప్పేసుకుని, బరువు తగ్గిపోవడాన్ని రెనె స్పిట్జ్ 1946లోనే వర్ణించినా ఆ నమ్మకం చాలాకాలం కదల్లేదు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథంలో పెద్దలకు వాడే లక్షణాలనే పిల్లలకూ వర్తింపజేసింది. తర్వాతి కూర్పులు ఒక కీలకమైన మాట చేర్చాయి: పిల్లల్లో దిగులుకు బదులు చిరాకు కనిపించవచ్చు.

మన ఇళ్ళల్లో దెబ్బలు తినేది ఆ చిరాకే. ఎదురు చెప్తున్నాడు, చెల్లిని కొడుతున్నాడు, పుస్తకం విసిరేస్తున్నాడు అంటాం. దాంతోపాటు క్రికెట్ మీద ఆశ పోయిందా, నిద్ర చెడిందా, వయసుకు తగ్గట్టు బరువు పెరగడం లేదా, ‘నేను వేస్ట్’ అనే మాట వస్తోందా అని చూడం. ఇలాంటివి కొన్ని కలిసి, దాదాపు రోజంతా, రెండు వారాలకు పైగా ఉంటే పెంకితనం అని వదిలేయకూడదు. ఇక ఫస్టు ర్యాంకు తెచ్చుకునే నెమ్మదైన అమ్మాయిని ఎవరూ అనుమానించరు. రాసిందే చెరిపి నాలుగుసార్లు రాస్తుంటే శ్రద్ధ అని మెచ్చుకుంటాం.

ఆందోళన పడే బిడ్డను చూసి తల్లిదండ్రులు సాధారణంగా చేసే పనులు రెండు, తిట్టడం, లేదా ఆ భయం ఎదురుపడకుండా అడ్డుపడటం. మొదటిది తప్పని అందరికీ తెలుసు. ఎక్కువ చిక్కు రెండోదాంతోనే అని నా అభిప్రాయం. ‘ఇవాళ్టికి మానేయమ్మా’ అనగానే నొప్పి తగ్గుతుంది. తగ్గింది కాబట్టి, మానేయడమే మందని మెదడు నేర్చుకుంటుంది. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు చేసినట్టు, రేపటి భయానికి వడ్డీ కలుస్తుంది.

దీనికి విరుగుడు వందేళ్ళనాటిదే. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే వణికిపోయే పీటర్ అనే మూడేళ్ళలోపు పిల్లాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, బోనులోని కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు దాన్ని నిమిరాడు. బడి భయానికీ దారి ఇదే: ముందు గేటు దాకా, తర్వాత వరండా, ఆ తర్వాత ఒక్క పీరియడ్. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఇంకో అడుగు వేసింది. పిల్లల్ని కూర్చోబెట్టకుండా తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చి చూస్తే, పిల్లలకు నేరుగా చేసిన కౌన్సెలింగ్‌కు ఏమాత్రం తీసిపోలేదని 2020లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ‘అక్కడేముంది భయపడటానికి’ అనే బదులు ‘భయంగా ఉందని తెలుసు నాన్నా, అయినా నువ్వు వెళ్ళగలవు’ అనడం వాళ్ళు నేర్పిన మాటల్లాంటిదే.

అయితే ఒక షరతు. అడుగులు వేయించే ముందు, ఆ భయానికి నిజమైన కారణమేదీ లేదని తేల్చుకోవాలి. బడిలో కొట్టే మాస్టారో, బస్సులో వేధించేవాడో ఉంటే పిల్లాడి భయం సబబైనదే. అప్పుడు మారాల్సింది బడి.

కుంగుబాటు మందులంటే మనవాళ్ళకు హడల్. మధ్యస్థం నుంచి తీవ్రమైన కుంగుబాటు ఉన్న 439 మంది కౌమారులపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. ఫ్లూయాక్సెటిన్ మందు, కౌన్సెలింగ్ రెండూ కలిపి ఇచ్చినవారిలో 71 శాతం బాగా కోలుకున్నారు. మందు ఒక్కటే అయితే 61, కౌన్సెలింగ్ ఒక్కటే అయితే 43, మందు లేని ఉత్తి మాత్రతో 35 శాతం. అదే ఏడాది, ఈ తరగతి మందులు కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెంచవచ్చని అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. అందుకే మొదలుపెట్టిన తొలి వారాల్లో డాక్టరు పదేపదే చూడాలి. మనంతట మనం ఆపేయకూడదు. స్వల్పమైన కుంగుబాటుకు చాలాసార్లు మందే అక్కర్లేదు.

అన్నిటికంటే అడగడానికి కష్టమైన ప్రశ్న ఒకటుంది: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని పెద్దలు జంకుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో ఇది పరీక్షించి చూశారు, 2005లో ప్రచురించారు. అడగడం వల్ల ఆలోచన పుట్టలేదు. అప్పటికే కుంగి ఉన్నవారికి కాస్త తెరిపి దొరికింది. ఇంటర్ ఫలితాలు వచ్చే వారం మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ ప్రశ్న మరీ అవసరం. హాస్టల్లో ఉన్న పిల్లాడితో దొరికే ఆ కాసేపు ఫోనులో మార్కుల తర్వాతైనా అడగండి.

అవునంటే గొంతు పెంచవద్దు, ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బా, అమ్మమ్మ షుగరు మాత్రలు తాళం వేసిన చోటికి చేరాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. అక్కడిదాకా వెళ్ళడం కష్టమైతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజో కనుక్కుని వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాత స్కానింగ్ రిపోర్టులతో పాటు, నొప్పి వచ్చిన తేదీలు, వేళలు రాసిన కాగితం కూడా పట్టుకెళ్ళండి. డాక్టరుకు ఎక్కువగా పనికొచ్చేది అదే.