అక్షరమూ ఆంతర్యమూ: క్రైస్తవంలో ధర్మశాస్త్ర విచారం

ధర్మశాస్త్రం గల ప్రతి మతంలోనూ ఒక ప్రశ్న తలయెత్తక తప్పదు. విధిని విధిగా నెరవేర్చినవాడు ధార్మికుడా, లేక ఆ విధి ఏ ప్రయోజనం కోసం ఏర్పడినదో దానిని సాధించినవాడు ధార్మికుడా? క్రైస్తవం ఈ ప్రశ్నను తన పుట్టుకతోనే ఎదుర్కొన్నది. ఆ చర్చ ఎలా నడిచిందో తెలుసుకోవడం ఏ మతానికి చెందిన విద్యార్థికైనా ప్రయోజనకరమని మేము భావిస్తున్నాము.

మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ‘కొర్బాను’ ప్రస్తావన ఉంది. కొర్బాను అంటే దేవునికి అర్పితమైనది. ఒకడు తన సొత్తును కొర్బాను అని ప్రకటిస్తే, ఇక దానితో తల్లిదండ్రులను ఆదుకోనక్కరలేదన్న సంప్రదాయాన్ని యేసు తీవ్రంగా ఆక్షేపించారు. తల్లిదండ్రులను సన్మానించమన్నది పది ఆజ్ఞలలో ఒకటి. మొక్కిన మొక్కు చెల్లించమన్నదీ ధర్మశాస్త్రమే. ఒక ఆజ్ఞను అడ్డుపెట్టుకొని మరొక ఆజ్ఞను ఎగవేయడమే ఇక్కడి దోషం. శాసనంలోని మాట చెక్కు చెదరలేదు. ముసలితల్లి మాత్రం పస్తు పడుకొన్నది. మన ఉర్దూ విద్యార్థులకు ఈ పదం కొత్తది కాదు. మనం ఖుర్బానీ అనే మాటకూ, ఈ హీబ్రూ పదానికీ ధాతువు ఒక్కటే. దాని మూలార్థం సమీపించడం. దేవునికి సమీపం చేయవలసిన అర్పణ కన్నవారికి దూరం కావడానికి సాకైతే, అంతకన్న విపరీతం వేరే ఏముంటుంది?

విశ్రాంతి దినం గురించిన వివాదం ఇంతకంటె సూక్ష్మమైనది. ఆకలిగొన్న శిష్యులు ఆ రోజున పంటచేలో వెన్నులు తుంచారు. కోత కోయడం నిషిద్ధం కనుక తుంచడమూ నిషిద్ధమేనని పరిసయ్యులు అడ్డుపడ్డారు. యేసు శాస్త్రాన్ని త్రోసిపుచ్చలేదు. శాస్త్రంలోనుంచే సమాధానం చూపారు. ఆకలి వేళ దావీదు యాజకులు మాత్రమే తినవలసిన రొట్టెలను తిన్న సంగతి గుర్తుచేశారు. మనిషి కోసం విశ్రాంతి దినం ఏర్పడినదే కాని దాని కోసం మనిషి ఏర్పడలేదన్నది ఆ వాదం సారాంశం.

ఇక్కడ మనం ఒక అన్యాయం చేయకుండా జాగ్రత్తపడాలి. యూదులందరూ అక్షరానికి దాసులనీ, ఆంతర్యం క్రైస్తవులకే తెలిసిందనీ వ్రాసే పుస్తకాలు అనేకం ఉన్నాయి. చరిత్ర అలా చెప్పదు. క్రీ.పూ. 167 ప్రాంతంలో గ్రీకు రాజు సైన్యం విశ్రాంతి దినాన దాడి చేస్తే, ఆయుధం పట్టడం నియమభంగమని భావించిన సుమారు వేయిమంది యూదులు ఎదురు తిరగకుండా ప్రాణాలు విడిచారు. ఆ వార్త విన్న మత్తతియా, అతని అనుచరులు ఇకపై ఆ రోజున కూడా ఆత్మరక్షణ కోసం పోరాడవలెనని నిర్ణయించారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో ప్రాణాపాయం ఉందన్న అనుమానం కలిగినా చాలు, విశ్రాంతి దిన నియమం ప్రక్కకు తొలగాలని స్పష్టంగా ఉంది. మరి భేదమెక్కడ? ఊచచెయ్యి గలవానికి ప్రాణాపాయం లేదు. సాయంకాలం దాకా ఆగవచ్చును. మేలు చేయడానికి మాత్రం ఎందుకు ఆగాలన్నది యేసు ప్రశ్న. ఇది ఒకే ధర్మాన్ని ప్రేమించిన వారి మధ్య నడిచిన వాదం. మరచిపోతే అది ద్వేషానికి ఆయుధమవుతుంది. ఐరోపా చరిత్రలో అయింది కూడా.

పుదీనాలోనూ జీలకర్రలోనూ పదవ వంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినవారిని యేసు గద్దించారు. అయితే ఆ పదవ వంతు ఇవ్వవద్దని అనలేదు; వీటిని చేస్తూ వాటినీ విడువరాదన్నారు. (హాజరు పట్టీలో పేరు పలికి వెనుక బల్లపై నిద్రించే విద్యార్థి కూడా అక్షరాన్ని నెరవేర్చినవాడే!) కొండమీది ప్రసంగంలో ఆంతర్యం అక్షరం కన్న బరువైనది. హత్య చేయలేదు కనుక నిర్దోషినని అనుకొనేవానిని ఆ ప్రసంగం కోపం గురించి నిలదీస్తుంది. సడలింపు కోరి ఆంతర్యాన్ని ఆశ్రయించేవారు ఈ అధ్యాయాన్ని సాధారణంగా చదవరు.

యేసు అనంతరం సమస్య మరొక రూపం దాల్చింది. క్రొత్తగా చేరే అన్యజనులకు సున్నతి తప్పనిసరియా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు సమావేశమై, అక్కరలేదని తీర్పు చెప్పారు. విగ్రహార్పితాలు, రక్తం, గొంతు పిసికి చంపిన జంతువులు, వ్యభిచారం వర్జించమన్నారు. ఈ విషయంలో పౌలు నడవడి విచిత్రంగా కనిపిస్తుంది. గ్రీకువాడైన తీతుకు సున్నతి చేయించాలన్న ఒత్తిడికి అతడు లొంగలేదు. తల్లి యూదురాలైన తిమోతికి తానే చేయించాడు. మాట పట్టుకొని చూచేవారికి ఇది పరస్పర విరుద్ధం. మొదటిచోట సున్నతి రక్షణకు షరతుగా మారుతున్నది. రెండవచోట యూదుల మధ్య పని చేయబోయేవానికి అది ఆటంకం తొలగించే ఏర్పాటు. కార్యం ఒక్కటే, అర్థం వేరు.

అక్షరాన్ని మృత్యువుతోనూ ఆత్మను జీవంతోనూ పౌలు ముడిపెట్టిన మాట జగత్ప్రసిద్ధం. అతని దృష్టిలో ఆత్మ అంటే నియమాల వెనుక ఉద్దేశం మాత్రమే కాదు, దైవాత్మ. క్రీ.శ. 412లో అగస్టీను ఈ మాటపై ఒక గ్రంథమే వ్రాసి, ఆజ్ఞ ఎంత మంచిదైనా దానిని నెరవేర్చే శక్తిని అది ఇవ్వలేదనీ, ఆ శక్తి కృప వలననే కలుగుతుందనీ వివరించాడు. పదహారవ శతాబ్దంలో లూథరు ఈ కృపావాదాన్నే బలంగా బోధించాడు. అతని మిత్రుడు అగ్రికోలా దానిని సాగదీసి, విశ్వాసికి ధర్మశాస్త్ర బోధతో పని లేదన్నాడు. లూథరు స్వయంగా అతనిని ఖండించవలసి వచ్చింది.

ఆ ప్రమాదం కొరింథులో ముందే కనిపించింది. విగ్రహాలు ఉత్తవే కనుక వాటి ముందుంచిన మాంసం తినవచ్చునని అక్కడి జ్ఞానులు వాదించారు. వాదం సరియైనదేనని పౌలు ఒప్పుకొన్నాడు. అయితే ఆ భోజనం చూచి బలహీనమైన మనస్సాక్షి గల సోదరుడొకడు తడబడేటట్లయితే, తాను జన్మలో మాంసమే ముట్టనని వారికి వ్రాశాడు.