చేతి వాచీ చెప్పేదంతా నమ్మవచ్చా?

దూర ప్రాంతాలలో ఉద్యోగం చేసే పిల్లలు తల్లిదండ్రులకు స్మార్ట్‌వాచ్ కొని పంపడం ఇప్పుడు మామూలైంది. "ఇందులో బి.పి., షుగరు కూడా కనిపిస్తాయట, ఇక పరీక్షలెందుకు?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. పిల్లల ప్రేమ గొప్పదే. కాని వాచీ చూపించే అంకెలన్నీ ఒకే విధంగా నమ్మదగినవి కావు.

నాడి వేగం: వాచీ అడుగున వెలిగే పచ్చని వెలుతురు చర్మం కింద రక్త ప్రవాహంలోని హెచ్చుతగ్గులను గుర్తిస్తుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ లెక్క చాలావరకు సరిగా ఉంటుంది. చెయ్యి కదిలినా, పట్టీ వదులైనా తప్పుతుంది.

ఇ.సి.జి.: కొన్ని వాచీలలోనే ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే జబ్బును ఇది పసిగట్టగలదు. ఈ జబ్బులో గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. కనుక ఇది నిజంగా ఉపయోగపడే సదుపాయం. అయితే గుండెపోటును ఇది కనిపెట్టలేదు. ఆసుపత్రిలో తీసే ఇ.సి.జి. గుండెను 12 కోణాల నుండి చూస్తుంది, వాచీ సాధారణంగా ఒక్క కోణం నుండే చూస్తుంది.

ఆక్సిజన్: చేతులు చల్లబడినా, కదిలినా, చర్మం రంగు ముదురుగా ఉన్నా అంకె తప్పవచ్చు. ఆయాసం ఉంటే వాచీ 97 చూపించినా ఆసుపత్రికి రండి.

బి.పి.: పట్టీలో గాలి నింపుకోని వాచీ బి.పి.ని కొలవదు, అంచనా మాత్రమే వేస్తుంది. ఆ అంకె చూసి మాత్రలు మానవద్దు, పెంచవద్దు. ఇంట్లో చూసుకోవాలంటే దండచేతికి కట్టే బి.పి. మిషను మేలు.

షుగరు: అన్నిటికంటె ప్రమాదం ఇక్కడే. సూది గుచ్చకుండా షుగరు కొలిచే వాచీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువగా వేసుకుంటే షుగరు పడిపోయి, స్పృహ తప్పి, ప్రాణాపాయం కలుగుతుంది. చేతికి అంటించే సెన్సారు నుండి వాచీకి అంకె వస్తే అది వేరు. ఆ సెన్సారు సన్నని తీగతో చర్మం లోపలే కొలుస్తుంది.

పడిపోతే కబురు: ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇది మంచి తోడు. వారు జారిపడి కదలకపోతే కొన్ని వాచీలు పిల్లలకు కబురు పంపుతాయి. ముందుగా ఫోను నంబర్లు నమోదు చేయించండి.

ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. వాచీ అనుమానం చెబితే డాక్టరుకు చూపించండి. వాచీ "అంతా బాగుంది" అన్నా ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యి పట్టు తప్పడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి.

దేవుడు మీ కుటుంబాలను ఆయురారోగ్యములతో దీవించును గాక.